బెర్లిన్ గోడ: మంత్రులు పోయాక మొదలయ్యే ఆట

2000 అక్టోబరు 8న లండన్‌లో ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్ పోరు మొదలైంది. తెల్లపావులతో ఆడుతున్నది గ్యారీ కాస్పరోవ్. 1985 నుంచి కిరీటం ఆయన దగ్గరే ఉంది. తెల్లపావులు దొరికితే ఓపెనింగ్‌లోనే, అంటే మొదటి ఎత్తుల్లోనే, ఎదుటివాడికి ఊపిరాడనివ్వని ఆట ఆయనది. ఎదురుగా కూర్చున్నది 25 ఏళ్ల వ్లదిమిర్ క్రామ్నిక్. ఎనిమిదో ఎత్తు పూర్తయ్యేసరికి రెండు మంత్రులూ బోర్డు మీద లేవు. నల్ల రాజు డి8 గడిలో ఉన్నాడు (తెలుపు వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి నిలువు వరుసలు ఎ నుంచి హెచ్, కింది నుంచి పైకి అడ్డు వరుసలు 1 నుంచి 8). ఇక కాస్లింగ్, అంటే రాజును, ఏనుగును (రూక్‌ను) ఒకే ఎత్తులో జరిపి రాజును మూల వైపు భద్రపరచడం, చేసే వీలు లేదు. సి వరుసలో రెండు నల్ల బంట్లు ఒకదాని వెనుక ఒకటి పడ్డాయి. చెస్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే చెప్పే జాగ్రత్తలు రెండు: కాస్లింగ్ హక్కు పోగొట్టుకోవద్దు, బంట్లను ఒకే వరుసలో జంటగా పడనివ్వొద్దు. క్రామ్నిక్ ఈ రెండు నష్టాలనూ కోరి మరీ ఒప్పుకున్నాడు. 25 ఎత్తుల తర్వాత ఇద్దరూ డ్రాకు అంగీకరించారు.

ఆ రోజు చూసినవాళ్లలో చాలామందికి అది చప్పటి ఆటలా అనిపించింది. కానీ ఆ పోరు మొత్తంలో కాస్పరోవ్ ఒక్క గేమ్ కూడా గెలవలేకపోయాడు. క్రామ్నిక్ ఇదే ఓపెనింగ్‌ను 1, 3, 9, 13 గేముల్లో ఆడాడు, నాలుగూ డ్రా అయ్యాయి. తనకు తెల్లపావులు వచ్చినప్పుడు రెండో గేమ్, పదో గేమ్ గెలిచాడు. చివరికి 8.5-6.5తో కొత్త చాంపియన్ అయ్యాడు. ప్రపంచ చాంపియన్ ఒక్క విజయం కూడా లేకుండా కిరీటం పోగొట్టుకోవడం అంతకుముందు 1921లో, కాపబ్లాంకా చేతిలో లాస్కర్ ఓడినప్పుడు జరిగింది. 19వ శతాబ్దం నుంచి పుస్తకాల్లో ఉన్నా పెద్ద పోటీల్లో అరుదుగా కనిపించే ఆ ఓపెనింగ్ పేరు బెర్లిన్ డిఫెన్స్. లండన్ పోరు తర్వాత దానికి బెర్లిన్ గోడ అనే పేరు స్థిరపడింది.

ఈ ఓపెనింగ్ గురించి ఎక్కువగా వినిపించే మాట 'అది డ్రా కోసం ఆడేది' అని. నా దృష్టిలో అది సగం నిజం కూడా కాదు. బెర్లిన్‌లో మంత్రులు తొందరగా వెళ్లిపోతాయి, నిజమే. అయితే వాటితో పాటు చిక్కుముడి వెళ్లిపోదు. అది ఒక్క బంటు చుట్టూ చేరుతుంది. ఇ5 గడిలో నిలబడే ఆ తెల్ల బంటు తెలుపుకు బలమా, భారమా? బెర్లిన్ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అసలు ఆ స్థితికి ఎలా చేరతారు

మొదటి మూడు ఎత్తుల్లో తెలుపు ఆడేది స్పానిష్ ఓపెనింగ్. 16వ శతాబ్దపు స్పెయిన్ మతాచార్యుడు రుయ్ లోపెజ్ పేరుతోనూ దాన్ని పిలుస్తారు. రెండు వైపులా రాజు ముందున్న బంట్లు రెండేసి గళ్లు ముందుకొస్తాయి. తెల్ల గుర్రం ఎఫ్3కి వచ్చి ఇ5 మీద ఉన్న నల్ల బంటును బెదిరిస్తుంది, నల్ల గుర్రం సి6కి వచ్చి దాన్ని కాపాడుతుంది. అప్పుడు తెల్ల శకటు, అంటే బిషప్, బి5కి వెళ్లి ఆ కాపలా గుర్రం మీద కన్నేస్తుంది. ఇక్కడ ఎక్కువమంది నలుపు ఆటగాళ్లు ఎ7 బంటును ఎ6కి తోసి శకటును ప్రశ్నిస్తారు. బెర్లిన్‌లో అలా కాదు. నలుపు రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి నేరుగా ఇ4 బంటు మీద ఎదురుదాడికి దిగుతుంది.

తెలుపు ఆ బంటును పట్టించుకోకుండా కాస్లింగ్ చేస్తుంది. నల్ల గుర్రం ఇ4 బంటును తీసుకుంటుంది. తెలుపు అప్పుడు కూడా కంగారుపడదు, డి4 అంటుంది. మధ్యవరుసలు తెరుచుకుంటే నల్ల రాజు ఇబ్బందుల్లో పడతాడని దాని లెక్క. నల్ల గుర్రం డి6కి తగ్గి, బి5లోని శకటును బెదిరిస్తుంది. శకటు సి6 గుర్రాన్ని తీసుకుంటుంది, నలుపు డి7 బంటుతో తిరిగి తీసుకుంటుంది. బి బంటుతో తీసుకోవచ్చు కదా అనిపించవచ్చు. అలా తీసుకుంటే, తెలుపు డి బంటు ఇ5ను తీసుకున్నప్పుడు డి6 గుర్రం బి7 లాంటి మూలకు పోవాల్సి వస్తుంది. డి బంటుతో తీసుకుంటే సి8 శకటుకు దారి తెరుచుకుంటుంది, గుర్రానికి ఎఫ్5 దొరుకుతుంది. కాబట్టి బంట్లు జంటగా పడటం ఇక్కడ పొరపాటు కాదు, తెలిసి కట్టిన ధర.

ఆ తర్వాత తెలుపు ఇ5 బంటును తీసుకుంటుంది, గుర్రం ఎఫ్5కి వెళుతుంది, డి వరుసలో మంత్రులు ఎదురెదురుగా ఉంటాయి. ఎనిమిదో ఎత్తులో తెల్ల మంత్రి డి8లోని నల్ల మంత్రిని తీసుకుంటుంది, రాజు తిరిగి తీసుకుంటాడు. తెలుపుకు మంత్రిని ఉంచుకునే దారి లేదా అంటే ఉంది. ఉదాహరణకు దాన్ని ఇ2కి జరపొచ్చు. కానీ నల్ల గుర్రం వెంటనే డి4కి దూకుతుంది. ఆ గుర్రాన్ని తెలుపు తీసుకుంటే నల్ల మంత్రి అక్కడ, బోర్డు నడిమధ్యకు, హాయిగా వచ్చి కూర్చుంటుంది. అందుకే మంత్రుల మార్పిడిని దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

పావులన్నీ తీసేసి చూడండి

ఈ స్థితిని అర్థం చేసుకోవడానికి అందరికీ పనికొచ్చే పద్ధతి ఒకటి ఉంది. బోర్డు మీద రాజులను, బంట్లను మాత్రమే ఉంచి మిగతావన్నీ పక్కన పెట్టేయండి. చెరి ఏడు బంట్లు ఉంటాయి. తెలుపుకు రాజు వైపు ఇ, ఎఫ్, జి, హెచ్ వరుసల్లో నాలుగు, నలుపుకు అక్కడ మూడు. మరో వైపు నలుపుకు నాలుగు, తెలుపుకు మూడు. పైకి సమానంగానే ఉంది. అయితే తెలుపు నాలుగు బంట్లు ఒకదానికొకటి తోడుగా ముందుకు నడిచి, ముందు శత్రు బంటు అడ్డు లేని బంటును తయారు చేయగలవు. ఆటగాళ్లు పాస్డ్ పాన్ అనేది దాన్నే. నలుపు నాలుగింటిలో రెండు ఒకే వరుసలో ఉన్నాయి కాబట్టి, తెలుపు మూడు బంట్లు తెలివిగా నిలబడితే అవి దేన్నీ ముందుకు పంపలేవు. అంటే ఒక్క బంట్ల ఆటే మిగిలితే మామూలుగా గెలుపు తెలుపుదే.

సగం చెప్పి ఆపేస్తే నలుపు ఎందుకు ఆడుతుందో అంతుపట్టదు. ఇప్పుడు పావులను తిరిగి పెట్టండి. నలుపుకు రెండు శకటులూ ఉన్నాయి, తెలుపుకు ఒక్కటే, అదీ నల్ల గళ్లలో తిరిగేది. ఇ5 కూడా నల్ల గడే. తెలుపు బంటు తన శకటు దారిలోనే నిలబడి ఉందన్న మాట. ఆ బంటు చుట్టూ ఉన్న డి5, ఇ6, ఎఫ్5 తెల్ల గళ్లు. వాటిని కాపలా కాసే తెల్ల గళ్ల శకటు తెలుపుకు లేదు, ఆరో ఎత్తులోనే గుర్రం కోసం ఇచ్చేసింది. కాబట్టి ఆ గళ్లలో నలుపు పావులు స్థిరపడితే వాటిని కదపడం కష్టం.

ఇ5 బంటు ఇంకోలా చూస్తే చాలా గట్టిది కూడా. నలుపు గుర్రాన్ని ఎఫ్6 దగ్గరకు రానివ్వదు. నలుపు రాజు వైపు బంట్లను ఇరుకున పెడుతుంది. తెలుపు గుర్రానికి ఎఫ్6 అనే లోతైన గడిని కాపాడి ఇస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఎప్పుడైనా ఇ6కి నడిస్తే నల్ల కోట పగులుతుంది. ఆ అడుగు పడాలంటే వెనుక ఎఫ్ బంటు కూడా కదలాలి, దానికి ఎఫ్3లో నిలబడ్డ తెల్ల గుర్రమే అడ్డు. ఆ గుర్రాన్ని తీస్తే ఇ5కు కాపలా తగ్గుతుంది. తెలుపు పథకాలన్నీ ఈ మెలికను విప్పడానికి చేసే ప్రయత్నాలే.

మరి నడిమిట్లో చిక్కుకున్న రాజు సంగతేమిటి? మంత్రులు ఉంటే నల్ల రాజు నిజంగానే ప్రమాదంలో పడేవాడు. మంత్రులు లేనప్పుడు, తెలుపుకు రెండు ఏనుగులు, మూడు చిన్న పావులు (రెండు గుర్రాలు, ఒక శకటు) మాత్రమే మిగిలాక, రాజును వేటాడే బలగం చాలదు. అయినా కాస్లింగ్ పోవడం నిజమైన లోటే. నలుపు ఏనుగులు రెండూ మూలల్లో విడివిడిగా పడి ఉంటాయి, అవి కలుసుకోవడానికి చాలా ఎత్తులు పడతాయి. బెర్లిన్‌లో నలుపు పడే అసలు యాతన ఇదే. దెబ్బ రాజుకు తగలదు, హెచ్8లో కదలకుండా కూర్చున్న ఏనుగుకు తగులుతుంది.

లండన్ మొదటి గేమ్

ఇప్పుడు ఆ 25 ఎత్తులను మళ్లీ చూస్తే చప్పగా అనిపించవు. కాస్పరోవ్ తొమ్మిదో ఎత్తులో గుర్రాన్ని సి3కి తెచ్చాడు, తర్వాత బి3 ఆడి శకటును బి2లో పెట్టాడు. అక్కడి నుంచి అది ఇ5 బంటుకు దన్నుగా నిలబడుతుంది. క్రామ్నిక్ శకటును డి7కి తెచ్చి, హెచ్6 ఆడి, రాజును సి8కి జరిపాడు. బి6 కూడా ఆడాక ఎఫ్5 గుర్రాన్ని ఇ7కి, అక్కడి నుంచి జి6కి తీసుకెళ్లాడు. కాస్పరోవ్ దాన్ని తరమకముందే ఎందుకు తీశాడంటే, జి6లో ఉన్నప్పుడు ఆ గుర్రం నేరుగా ఇ5 మీద గురి పెడుతుంది.

కాస్పరోవ్ 14, 15, 16 ఎత్తులు చూడండి. సి3 గుర్రం ఇ2కి తగ్గింది. ఎఫ్3 గుర్రం ఇ1 మీదుగా డి3కి వెళ్లింది. ప్రపంచంలో అత్యంత దూకుడుగా ఆడే మనిషి గుర్రాలను వెనక్కి నడిపిస్తున్నాడు. ఎఫ్ బంటు దారి ఖాళీ చేయడం, అదే సమయంలో ఇ5కు కాపలా తగ్గకుండా చూడటం ఉద్దేశం. డి3లో గుర్రం రెండు పనులూ చేస్తుంది. చాలా ఆలోచించి వేసిన పథకమే. క్రామ్నిక్ దానికి ఇచ్చిన జవాబు నాకు ఈ గేమ్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం.

15వ ఎత్తులో ఆయన హెచ్5 ఆడాడు, 18వ ఎత్తులో దాన్ని హెచ్4కి నడిపాడు. పైకి దాడి చేస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి దానితో రెండు పనులు జరిగాయి. తెలుపు జి బంటు రెండు గళ్లు ముందుకొస్తే హెచ్4 బంటు దాన్ని దారిలోనే, ఆన్ పాసాన్ నియమంతో, తీసుకోగలదు. అంటే తెలుపు నాలుగు బంట్ల దండు నడక అక్కడ ఆగిపోయింది. రెండోది ఇంకా అందమైనది. కాస్లింగ్ లేక మూలన పడిన హెచ్8 ఏనుగుకు హెచ్5 గడి ఖాళీ అయింది. 21వ ఎత్తులో ఏనుగు అక్కడికి వచ్చి, అడ్డు వరుసలో ఇ5 బంటును చూడటం మొదలుపెట్టింది. మామూలుగా ఏనుగు నిలువు వరుసలో బయటికొస్తుంది. ఇక్కడ తన బంటు వెనుక నుంచి ముందుకు నడిచి, పక్కకు తిరిగి పనిలోకి దిగింది. దీన్ని ముందే చూసిన ఆటగాడికి కాస్లింగ్ పోయిందన్న బెంగ అక్కర్లేదు.

ఇంకో వైపు క్రామ్నిక్ ముందు బంటును సి5కి తోసి, ఎ5 ఆడాడు. కాస్పరోవ్ సి4, ఎ4 ఆడాక ఆ వైపు బంట్లు బిగిసిపోయాయి. ఇక్కడ జంట బంట్ల విలువ తెలుస్తుంది. సి5లోని బంటు డి4 గడిని తెలుపు గుర్రాలకు దక్కనివ్వదు. వెనుక సి7లో ఉన్నది అవసరమైతే సి6కి వచ్చి, డి5కి చేరిన గుర్రాన్ని తరుముతుంది. నిజంగానే కాస్పరోవ్ గుర్రం 20వ ఎత్తులో డి5కి వచ్చింది, తర్వాతి ఎత్తులోనే ఇ3కి వెళ్లిపోయింది. జంట బంట్లు దాడికి పనికిరావు, కాపలాకు మాత్రం చక్కగా పనికొస్తాయి.

19వ ఎత్తులో నల్ల శకటు ఇ6కి వచ్చింది. ఇ5 బంటు ఎదుట, అది దాటాల్సిన గడిలోనే కూర్చుంది. కాస్పరోవ్ ఎదురుచూసిన ఎఫ్4 చివరికి 24వ ఎత్తులో పడింది. ఇ5 గట్టిపడింది. కానీ ఎఫ్ బంటు ఎఫ్2 వదిలి వెళ్లగానే జి3 గడికి బంటు కాపలా లేకుండా పోయింది, దాని పక్కనే హెచ్4లో నల్ల బంటు ఉంది. క్రామ్నిక్ గుర్రం వెంటనే ఇ7కి తగ్గి, అక్కడి నుంచి ఎఫ్5కి తిరిగొచ్చింది. ఎఫ్5లో గుర్రం, ఇ6లో శకటు. తెల్ల గళ్లన్నీ నలుపు చేతిలో ఉన్నాయి, ఇ5 బంటు ముందుకు కదలలేదు, తెలుపు వైపు గెలుపు కోసం లాగడానికి దారీ లేదు. అక్కడే కాస్పరోవ్ డ్రా ఒప్పుకున్నాడు.

కాస్పరోవ్ ఆట ప్రాణమంతా చొరవలో ఉంటుంది. మంత్రులు ఉన్న, రాజుల మీద దాడులు నడిచే స్థితుల్లో ఆయన్ను ఆపగలిగినవాళ్లు అరుదు. క్రామ్నిక్ ఆ శక్తిని ఎదుర్కోలేదు, దానికి పని లేకుండా చేశాడు. దీన్ని పిరికితనం అన్నవాళ్లున్నారు. ఎదుటివాడి బలాన్ని ఇంత లోతుగా అర్థం చేసుకుని, అది పనిచేయని చోటును వెతికి, అక్కడ తానే చిన్న చిన్న నష్టాలు ఒప్పుకుని ఆడటానికి ధైర్యం కావాలని నా నమ్మకం. ఆ నాలుగు గేముల్లో కాస్పరోవ్‌కు ఏదో ఒక సన్న ఆధిక్యం ఉన్నట్టే కనిపించింది. అది ఎక్కడా గెలుపుగా మారలేదు.

గోడ పగలదా

పగులుతుంది. కాస్పరోవే మరుసటి ఏడాది, 2001లో అస్తానా టోర్నమెంట్ చివరి రౌండ్‌లో, ఇదే ఓపెనింగ్‌లో క్రామ్నిక్‌ను ఓడించి, ఆ టోర్నమెంట్‌లో ఆయన్ను దాటి మొదటి స్థానం సాధించాడు. అక్కడ నల్ల రాజు సి8 వైపు పోకుండా ఇ8లో ఉండిపోయాడు. బెర్లిన్ ఆడేవాళ్లలో ఇవి రెండు దారులు. సి8, బి7 వైపు వెళ్తే రాజు భద్రంగా ఉంటాడు, డి వరుస ఏనుగులకు ఖాళీ అవుతుంది. ఇ8లో ఉంటే ఎఫ్7కు, ఇ6కు దగ్గరగా ఉండి తెలుపు దండును ఆపడంలో సాయపడతాడు, కానీ ఏనుగుల మధ్య తానే అడ్డు. అస్తానాలో నలుపు తన తెల్ల గళ్ల శకటును ఎఫ్5లోని తెల్ల గుర్రం కోసం ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ శకటు పోయాక తెల్ల గళ్ల మీద పట్టు పోయింది, తెలుపు ఏనుగులు మధ్య వరుసల్లోంచి లోపలికి దూరాయి. గోడలో ఏ రాయి తీస్తే మొత్తం కూలుతుందో ఆ గేమ్ స్పష్టంగా చూపిస్తుంది.

అయితే ఇ5 బంటు కథ పూర్తిగా చూడాలంటే 2014 నవంబరులో సోచికి వెళ్లాలి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మాగ్నస్ కార్ల్‌సన్, విశ్వనాథన్ ఆనంద్ రెండోసారి తలపడ్డారు. అంతకుముందు ఏడాది చెన్నైలో ఆనంద్ నుంచే కార్ల్‌సన్ కిరీటం తీసుకున్నాడు. సోచిలో ఆనంద్ నల్లపావులతో బెర్లిన్‌ను నమ్ముకున్నాడు. ఏడో గేమ్‌లో కార్ల్‌సన్ ఏకంగా 122 ఎత్తులు లాగాడు, ఆనంద్ నిలబడి డ్రా చేశాడు. తొమ్మిదో గేమ్ అదే ఓపెనింగ్‌లో 20 ఎత్తులకే డ్రా. ఒకే ప్రారంభ స్థితి నుంచి ఒకసారి 20, ఒకసారి 122 ఎత్తులు. 'ఇందులో ఏమీ ఉండదు' అనేవాళ్లకు ఈ రెండు అంకెలు చూపించాలి.

పదకొండో గేమ్ వచ్చేసరికి కార్ల్‌సన్ ఒక పాయింట్ ముందున్నాడు. మళ్లీ బెర్లిన్. ఈసారీ నల్ల రాజు సి8, బి7 దారిలోనే వెళ్లాడు, సి5, బి6 కూడా వచ్చాయి. ఆనంద్ 15వ ఎత్తులో జి5 ఆడి, ఎఫ్4ను ముందుగానే అడ్డుకున్నాడు. కార్ల్‌సన్ తొందరపడలేదు. ఆయన రాజు 17వ ఎత్తులో హెచ్2కి, 20వ ఎత్తులో జి3కి, 26వ ఎత్తులో ఎఫ్3కి, 27వ ఎత్తులో ఇ4కి నడిచాడు. మంత్రులు లేనప్పుడు రాజు దాక్కోవాల్సిన పావు కాదు, పనిచేసే పావు. ఈలోగా ఆయన గుర్రాలు రెండూ నల్ల భూభాగంలోకి చేరాయి. ఒకటి డి5లో, మరొకటి ఎఫ్6లో. ఎఫ్6 గుర్రాన్ని అక్కడ నిలబెట్టింది ఇ5 బంటే. లండన్‌లో భారంగా కనిపించిన బంటు ఇక్కడ సైన్యం ముందు నిలబడిన కాపలాదారు అయింది.

ఆనంద్ 23వ ఎత్తులో బి5 ఆడాడు. అద్భుతమైన ఎత్తు అది. తెలుపు సి బంటు దాన్ని తీసుకుంటే, సి7లోని వెనుక బంటు సి6కి వచ్చి డి5 గుర్రాన్ని కదిలిస్తుంది, వరుసలు తెరుచుకుని నల్ల శకటులు ఊపిరి పీల్చుకుంటాయి. జంట బంట్ల వెనుక దాగి ఉన్న శక్తిని ఇంత చక్కగా వాడిన సందర్భాలు తక్కువ. కార్ల్‌సన్ దాన్ని తీసుకోలేదు, శకటును సి3కి జరిపాడు. అక్కడి వరకు నలుపు స్థితి చాలా బాగుంది. నాలుగు ఎత్తుల తర్వాత ఆనంద్ ఏనుగును బి4లో పెట్టి, శకటుకు బదులుగా దాన్ని ఇచ్చేశాడు. బదులుగా బి4లో పాస్డ్ పాన్ వచ్చింది, నల్ల గళ్లను కాసే తెల్ల శకటు పోయింది. ఆలోచనలో అందం ఉంది, లెక్క మాత్రం సరిపోలేదు.

ఎందుకు సరిపోలేదో చూస్తే మళ్లీ ఆ బంటు దగ్గరికే వస్తాం. ఎఫ్6 గుర్రం హెచ్5కి జరిగింది, 30వ ఎత్తులో ఎఫ్4 పడింది. తెలుపు దండు కదిలింది. గుర్రాలు మారాయి. 33వ ఎత్తులో తెల్ల ఏనుగు డి7లోకి దూరింది, 35వ ఎత్తులో ఎఫ్7 బంటును తీసేసింది. ఆ క్షణంలో ఇ5 ముందు గానీ, దాని పక్క వరుసల్లో గానీ నల్ల బంటు ఒక్కటీ లేదు. ఆనంద్ శకటులు అప్పటికీ బాగున్నాయి, ఎ, బి బంట్లు పరుగుకు సిద్ధంగా ఉన్నాయి. కానీ కార్ల్‌సన్ ఒక ఏనుగును, మిగిలిన గుర్రాన్ని మార్చుకుని, ఒక్క ఏనుగుకు ఎదురుగా ఒక్క శకటు ఉండేలా చేశాడు. 40వ ఎత్తులో బంటు ఇ6కి అడుగేసింది. తెల్ల రాజు తిరిగి నల్ల బంట్లకు అడ్డం వెళ్లాడు. 45వ ఎత్తు తర్వాత ఆనంద్ ఓటమి ఒప్పుకున్నాడు, పోరు 6.5-4.5తో ముగిసింది. పావులన్నీ తీసేసి చూసినప్పుడు కనిపించిన తెలుపు ఆధిక్యం ఇక్కడ, ముప్ఫై ఎత్తులకు పైగా నిద్రపోయి, లేచింది. ఒక భారతీయ అభిమానిగా ఆ గేమ్ చూడటం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అయినా బెర్లిన్‌ను అర్థం చేసుకోవాలనుకునేవారికి అంతకంటే మంచి పాఠం దొరకదు.

డ్రా పేరు ఎక్కడి నుంచి వచ్చింది

బెర్లిన్ పేరు చెప్పగానే కొందరు విసుక్కోవడానికి కారణం వేరే దారి ఒకటి ఉంది. ఆరో ఎత్తులో తెలుపు సి6 గుర్రాన్ని తీసుకోకుండా ఇ5 బంటును తీసుకుంటే, నల్ల గుర్రం బి5 శకటును తింటుంది. తెలుపు ఎ4తో ఆ గుర్రాన్ని తరిమి పావును తిరిగి రాబట్టుకుంటుంది. కొద్ది ఎత్తుల్లోనే తెల్ల మంత్రి ఇ4 నుంచి రాజుకు చెక్ ఇవ్వడం, నల్ల మంత్రి అడ్డం రావడం, తెల్ల మంత్రి డి4కి తిరిగిపోవడం, నల్ల మంత్రి డి6కి రావడం మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఒకే స్థితి మూడుసార్లు వస్తుంది, గేమ్ డ్రా. ఇద్దరికీ ఆడాలని లేనప్పుడు పది పదిహేను ఎత్తుల్లో పని ముగించుకోవడానికి దీన్ని వాడుకుంటున్నారు. నాకు అది నచ్చదు. ప్రేక్షకులు చూడటానికి వచ్చింది ఆట, ముందే రాసుకున్న ఒప్పందం కాదు. కానీ ఈ తప్పును క్రామ్నిక్ స్థితి మీద వేయడం అన్యాయం. పేరు ఒకటే, దారులు వేరు. ఒక దారిలో బోర్డు మీద ఏమీ మిగలదు, ఇంకో దారిలో బంట్లు, గుర్రాలు, శకటులు అన్నీ మిగిలి, ప్రతి చిన్న జరుగుడుకూ కారణం చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు అగ్రశ్రేణిలో తెలుపు ఆటగాళ్లు ఈ గోడను ఢీకొట్టకుండా పక్కనుంచి పోవడమే ఎక్కువ. నాలుగో ఎత్తులో కాస్లింగ్‌కు బదులు డి3 ఆడి ఇ4 బంటును కాపాడుకుంటే, మంత్రులు ఉంటాయి, నెమ్మదిగా సాగే పోరు దొరుకుతుంది. లేదా కాస్లింగ్ చేసి, నల్ల గుర్రం ఇ4ను తీసుకున్నాక డి4కు బదులు ఏనుగును ఇ1కి తెస్తారు. అప్పుడు ఇ వరుస తెరుచుకుని దాదాపు సమతూకంలో ఉండే స్థితి వస్తుంది, అందులో తెలుపుకు ఉండేది సన్నని ఒత్తిడి మాత్రమే. ఈ రెండు దారులూ ఇంతగా వాడుకలోకి రావడమే లండన్‌లో కట్టిన గోడ ఎంత గట్టిదో చెబుతుంది.

నేర్చుకోవాలనుకునేవాళ్లు నేరుగా ఎత్తుల జాబితా బట్టీపట్టకపోవడం మంచిది. ముందు ఎనిమిదో ఎత్తు తర్వాతి స్థితిని బోర్డు మీద పెట్టి, బంట్లు, రాజులతో మాత్రమే ఇద్దరు ఆడండి, తెలుపు ఎలా గెలుస్తుందో చేతికి తెలియాలి. తర్వాత ఒక్కో పావును చేర్చుకుంటూ ఆడండి: ముందు చెరి ఒక ఏనుగు, ఆ తర్వాత తెలుపుకు నల్ల గళ్ల శకటు, నలుపుకు తెల్ల గళ్ల శకటు, చివరికి గుర్రాలు. ఏ పావు చేరినప్పుడు నలుపు ఊపిరి పీల్చుకుంటుందో, ఏది మారినప్పుడు ఇబ్బంది పడుతుందో కనిపిస్తుంది. ఆ తర్వాత లండన్ మొదటి గేమ్‌ను, సోచి పదకొండో గేమ్‌ను పక్కపక్కన పెట్టుకుని, ప్రతి ఎత్తు దగ్గరా ఆగి, ఇ6 గడి ఎవరి చేతిలో ఉందో రాసుకుంటూ వెళ్లండి. సోచి గేమ్‌లో 23వ ఎత్తు దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఆనంద్ ఆడిన బి5 తర్వాత తెలుపు సి బంటుతో తీసుకుని ఉంటే ఏమయ్యేదో ఇంజిన్, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్, తెరవకుండా మీరే ఆడి చూడండి.